బుడంకాయ మూపురం

కర్నూలు,
12-4-1954

వదినకు నాగలక్ష్మి నమస్కారాలు.

మేము చేరాం. చేరామంటే ఊరు చేరామని, ఇల్లు చేరామని కాదు. రాజధాని వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ ఇల్లు దొరకడమంటే దేవుడు కనిపించడమే. గుమాస్తాలు గుడారాల్లో ఉన్నారు. మాబోటి బడిపంతుళ్లు ఎవరి వసారాలోనో తడిక అడ్డం పెట్టుకుని కాపురం చేస్తున్నారు. మాకూ అలాంటి వసారాయే దొరికింది. ఇంటావిడ పేరు వెంకటేశ్వరమ్మ. ఈయన ఇల్లు చూడ్డానికి ముందుగా వచ్చినప్పుడు, గడప దాటకముందే చెప్పిందట: "కుక్క గానీ పిల్లి గానీ కోడి గానీ తెస్తే సామాను బయట పారేస్తాను." గినీపంది సంగతి ఆమె ఎత్తలేదు కదా అన్నాను నేను. ఈయన నా నోరు మూయించారు.

అందుకే దారిలో మా గినీపంది బుడంకాయను నీ ఒడిలో పెట్టి వచ్చేశాను. నీ మొహం నాకింకా కళ్ల ముందే ఉంది. కోపగించుకోకు వదినా. దసరా నాటికి సరైన ఇల్లు చూసుకుని తీసుకుపోతాం. కడపలో ఐదేండ్లు మాతో పాటు పెరిగింది. ఈయన మద్రాసు స్నేహితుడు ల్యాబు నుంచి తెచ్చి ఇచ్చినప్పుడు అరచేతిలో పట్టేది. దాని జాతికి ఇప్పుడది ముసలిదాని కింద లెక్క.

దానికి పెద్ద పనేం లేదు. రోజూ పచ్చి గరిక వెయ్యి, ఉసిరికాయ ముక్క ఒకటి వెయ్యి. పచ్చిది లేకపోతే దాని పళ్లు కదిలిపోతాయని ఈయన అంటారు. ఎండలో పెట్టొద్దు. ఆకు చప్పుడు వింటే ఈల వేస్తుంది, భయపడొద్దు. వారానికొకసారి దువ్వాలి. దువ్వేటప్పుడు మాత్రం నా జడ లాగినట్టు లాగకు తల్లీ! నేనంటే మనిషిని, ఓర్చుకున్నాను.

అన్నకు నమస్కారం చెప్పు.

నీ మరదలు
నాగలక్ష్మి


తుమ్మలపల్లె,
29-4-1954

నాగలక్ష్మికి వదిన దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఎండ మాకంటే బాగుంది.

మరదలు చీర పెడుతుంది, సారె పెడుతుంది. పందిని ఒడిలో పెట్టి పోయే మరదలిని నిన్నొక్కదాన్నే చూశాను. నువ్వు బస్సెక్కిన సాయంత్రానికే ఊరంతా పాకిపోయింది. ఈరక్క వచ్చి, "ఏం సుబ్బరత్నమ్మా, ఇంట్లో పందిని పెట్టుకుండావంటనే?" అని ముక్కు మీద వేలేసుకుంది. నేను ఊరుకుంటానా? "పంది గాదు, సీమ కుందేలు. కడప కాలేజీలో చదువుకున్నెది" అన్నాను. అప్పట్నుంచి జనం దర్శనానికి వస్తున్నారు. చెవులు చిన్నవేమిటి, తోక ఏదీ అని అడుగుతున్నారు. చదువుకున్నందుకు తోక పోయిందని చెబుతున్నాను.

నాకు దాన్ని చూస్తే మొదట్లో ఒళ్లు జలదరించేది. మీ అన్న మాత్రం రెండో రోజు నుంచే దాని పక్షం. పొద్దున లేచి ఎద్దుల కాడికి పోయే మనిషి, ఇప్పుడు ముందు గంప దగ్గరికి పోతున్నాడు. "ఏమప్పా బుడంకాయా, లేసినావా?" అంటాడు. అది ఈల వేస్తుంది. ఈయన పొంగిపోతాడు. నేను పిలిస్తే నెలకొకసారి పలకని మనిషి!

నీ జడ మాట ఎత్తావు. నీది జడ కాదమ్మా, తాటిపీచు. గట్టిగా లాగకపోతే అది ఏనాటికి లొంగేది? దీని వెంట్రుకలు నీ వెంట్రుకల కంటే వెయ్యి రెట్లు నయం.

నీళ్లు కాచుకుని తాగండి. మీ ఆయన రామకృష్ణ తమ్ముడికి వేళకింత వండి పెట్టు.

సుబ్బరత్నమ్మ


కర్నూలు,
20-5-1954

వదినకు,

జవాబు ఆలస్యమైంది. నాలుగు రోజులు కాస్త ఒళ్లు వెచ్చబడింది, అంతే. ఊరు మారింది, నీళ్లు మారాయి. ఇప్పుడు బాగున్నాను.

తుంగభద్ర అడుగంటింది. బిందె పట్టుకుని మధ్యలోకి నడిచిపోవచ్చు. వెంకటేశ్వరమ్మగారు నిన్న నన్ను పిలిచి, "నువ్వు కలలో ఎవరో ఈల వేస్తున్నట్టు కలవరిస్తావు, మీ ఆయన ఏమనుకుంటాడు?" అని అడిగింది. పగలబడి నవ్వాను. బుడంకాయ గురించి చెబితే ఆమెకు నమ్మకం కలగలేదు.

ఎలా ఉంది అది? తింటోందా? నీకు బరువైతే చెప్పు.

నాగలక్ష్మి


తుమ్మలపల్లె,
7-6-1954

నాగలక్ష్మికి,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు అటూ ఇటూ తూలుతున్నాయెందుకు? నువ్వు ముత్యాల్లాగా రాసేదానివి. ఒళ్లు వెచ్చబడింది అని ఒక్క ముక్కలో తేల్చేశావు. సరే, నిజం చెబితే నీ సొమ్మేం పోతుంది?

ఇక శుభవార్త. కూర్చుని చదువు. నీ బుడంకాయకు మూపురం వచ్చింది!

నవ్వకు. నడుముకు కొంచెం పైన, వీపు మీద, గుండ్రంగా, నిమ్మకాయంత లేచింది. మొదట మీ అన్నే చూశాడు. నేను వంటింట్లో ఉంటే కేక పెట్టాడు: "ఏమే, ఈడికి రా! వీడికి మూపురం తిరగతాంది!" చిన్నప్పట్నుంచి ఎద్దులను సాకిన మనిషి కదా, చెయ్యి వేసి చూసి, ఇది నిఖార్సయిన మూపురమే అన్నాడు. తన ఉలవలు, తన పత్తిగింజల మహిమ అట. నువ్వు ఐదేండ్లు గరిక పెట్టి దాన్ని మాడ్చావట. తాను రెండు నెలల్లో కోడెను చేశాడట. ఓబన్నను కూడా పిలిపించి చూపించాడు. ఊళ్లో ఎద్దు కొనాలంటే ముందు ఓబన్నే చెయ్యి వెయ్యాలి. ఆయన చాలాసేపు తడిమి, "మూపురమే గానీ, కొంచెం ఎనక్కి జరిగిందప్పా" అన్నాడు.

రచ్చకట్ట మీద ఇప్పుడు అదే మాట. మీ అన్న మీసం తిప్పుతూ తిరుగుతున్నాడు. వచ్చే వారం ఏరువాక పున్నమి కదా, ఎద్దులతో పాటు దాన్నీ సింగారిస్తానంటున్నాడు. నేను దానికోసం చిన్న గజ్జెల పట్టీ కుట్టాను. ఎవరికీ చెప్పకు.

సుబ్బరత్నమ్మ


కర్నూలు,
12-6-1954

వదినా,

గినీపందికి మూపురం ఉండదు! ఏ దేశంలోనూ ఉండదు!

నీ ఉత్తరం చదివి నేను నవ్వుతూనే ఉన్నాను, ఈయన మాత్రం నవ్వలేదు. అది కొవ్వుగడ్డో తిత్తిగడ్డో అయి ఉంటుందట. ముసలి వాటికి వీపు మీద వస్తుందట. లోపల తెల్లగా ముద్దలాగా చేరి తిత్తి ఉబ్బుతుందట. దాని పాటికి దాన్ని వదిలేస్తే ఏమీ కాదు. నొక్కకూడదు, రుద్దకూడదు, నూనె పట్టించకూడదు. పగిలితే పుండు పడుతుంది, ఈ ఎండల్లో ఈగలు వాలితే పురుగు పడుతుంది. ఈ వయసులో తట్టుకోలేదు.

అన్నతో చెప్పు, ఆయన మీసానికి నా దండం అని. పున్నమి నాడు దాన్ని గంపలోనే ఉంచండి. నీ కాళ్లు పట్టుకుంటాను.

నాగలక్ష్మి


తుమ్మలపల్లె,
18-6-1954

నాగలక్ష్మికి దీవెనలు.

నీ ఉత్తరం నిన్న అందింది.

ఏరువాక పున్నమి బ్రహ్మాండంగా జరిగింది. పొద్దున్నే ఎద్దులను వంకలో కడిగారు. కొమ్ములకు రంగు పూశారు, ఒకదానికి ఎరుపు, ఒకదానికి పసుపు. మీ అన్న పట్టు తలగుడ్డ కట్టాడు. ఎద్దుల పరుగులో మన ఎడమది ముందు వచ్చింది. ఓబన్న దానికి దిష్టి తీశాడు. నేను పోళీలు చేశాను, బెల్లం పాకం కొంచెం ముదిరింది. సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. మట్టివాసన వచ్చింది గానీ వాన రాలేదు. ఇంకొక మంచి వాన పడితే చెనిక్కాయ విత్తనం వేస్తారు. ఈరక్క కోడలు పుట్టింటి నుంచి వచ్చింది. పాపకు పేరు పెట్టారు. మన బావిలో నీళ్లు మోకాలి లోతున ఉన్నాయి. తమ్ముడికి కంది పొడి చేసి పెట్టాను, ఎవరైనా కర్నూలు వస్తే పంపుతాను.

బుడంకాయ బాగుంది.

సుబ్బరత్నమ్మ


కర్నూలు,
21-6-1954

వదినా,

ఎద్దు కొమ్ముల రంగులు కూడా రాశావు. పాకం ముదిరిందని రాశావు. ఈరక్క మనుమరాలి వరకు వచ్చావు. బుడంకాయకు రెండే ముక్కలా?

నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు ఊళ్లో వాళ్లందరి సంగతులూ చెబుతావు. నేను నీ చేతి కింద పెరిగినదాన్ని. ఏమైంది?

నాగలక్ష్మి


తుమ్మలపల్లె,
24-6-1954

నాగలక్ష్మీ,

దొరికిపోయాను. కూర్చుని చదువు. ఈసారి శుభవార్త కాదు.

పున్నమి నాడు మీ అన్న ఎద్దులకు నూనె పసుపు పట్టిస్తూ, "వీడేం పాపం చేసినాడు?" అని బుడంకాయను ఒళ్లో పెట్టుకున్నాడు. మూపురానికి నూనె రాసి, ఎద్దుకు రుద్దినట్టే బొటనవేలితో రుద్దాడు. మూపురం నిటారుగా నిలబడాలట. నేను పక్కనే గజ్జెల పట్టీ పట్టుకుని నిలుచున్నాను, వద్దనలేదు. టప్పుమని పగిలింది. జున్నులాంటిది తెల్లగా బయటికి వచ్చింది. ఆ వాసన! అది కీచుమని అరిచింది. అట్లా అరవగలదని నాకు అంతవరకు తెలియదు. మీ అన్న ముఖం సున్నం కొట్టినట్టయింది. "నా చేత్తో చంపుకుంటినే" అని ఎద్దుల పరుగు కూడా చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎద్దును పరుగెత్తించింది ఓబన్నే.

నొక్కొద్దని నువ్వు రాసిన ఉత్తరం మరుసటి రోజు చేతికి వచ్చింది. అది చదివాక నీకు నిజం రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

పసుపు, వేపాకు నూరి మందంగా పట్టు వేసి, పైన గుడ్డ కట్టాను. రెండు రోజులు బాగానే ఉంది. తర్వాత పట్టు కింద మళ్లీ ఉబ్బింది. ఇప్పుడు గరిక వేస్తే వాసన చూసి పక్కకు తిరుగుతోంది. ఈల లేదు. మూలలో ముడుచుకుని కూర్చుంటుంది. ఓబన్న ఇనుప చువ్వ కాల్చి వాత పెడదామన్నాడు. ఆ చువ్వతో నీకే వాత పెడతానని చెప్పి పంపించాను.

మీ అన్నకు పోయిన ఏడు కాలికి పెద్ద సెగ్గడ్డ లేచింది గుర్తుందా? సంతకు వచ్చే కాంపౌండరు ఏసేపు పెన్సిలిన్ సూది వేస్తే వారంలో మాడిపోయింది. ఆ మందుకు లొంగని పుండే లేదట. అందుకని సోమవారం సంతకు బండి కట్టుకుని పోయి, బుడంకాయకు ఆ సూదే వేయిస్తాం. మనిషిని బతికించింది, ఇంత ప్రాణిని బతికించదా? ఏసేపుకు కబురు కూడా పంపాం.

నువ్వు నన్ను ఎంత తిట్టినా పడతాను. అది బతికితే చాలు.

సుబ్బరత్నమ్మ


తంతి
కర్నూలు, 26-6-1954 (ఇంగ్లీషులో)

ఇంజెక్షన్ వద్దు. ఇస్తే చస్తుంది. పట్టు తీసి ఉప్పునీళ్లతో కడగండి. ఉత్తరం వస్తోంది. రామకృష్ణ


కర్నూలు,
26-6-1954

వదినా,

తంతి ముందు అందుతుందో ఈ ఉత్తరం ముందు అందుతుందో, ఏదో ఒకటి సోమవారం లోపల అందాలని దండం పెట్టుకుంటున్నాను. నీ ఉత్తరంలో పెన్సిలిన్ అన్న మాట చదవగానే ఈయన చొక్కా గుండీలు పెట్టుకోకుండానే తంతి ఆఫీసుకు పరుగెత్తారు. మనుషులకు అమృతమే గానీ, గినీపందికి ఆ మందు విషమట. దాని కడుపులో అరుగుదల చెడిపోయి నాలుగైదు రోజుల్లో పోతుందట. మద్రాసులో ఆయన స్నేహితుడు కళ్లారా చూశాడట.

ఈయన చెబుతుంటే రాస్తున్నాను. పసుపు పట్టు గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తియ్యి. చుట్టూ వెంట్రుకలు కత్తిరించు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో పొద్దున, సాయంత్రం కడుగు. లోపల మిగిలింది తనంతట కారిపోనివ్వు. గుడ్డ కట్టొద్దు, పైన మూసుకుంటే లోపల చీము పడుతుంది. లోపలినుంచి మానుకుంటూ రావాలి. గడ్డి తీసేసి మెత్తని పాత చీర ముక్కలు పరిచి, రోజూ మార్చు. ఈగ వాలనివ్వొద్దు. తినకపోతే ఉసిరికాయ పిండి రసం నోట్లో చుక్క చుక్క పొయ్యి.

నిన్ను తిట్టను. అన్నను గోడ వైపు నుంచి ఇటు తిరగమను.

నాగలక్ష్మి


తుమ్మలపల్లె,
5-7-1954

నాగలక్ష్మికి వదిన దీవెనలు, చీవాట్లు రెండూ.

ముందు దీవెనలు. బుడంకాయ నిన్న ఈల వేసింది! ఆ ఒక్క ఈలకు మీ అన్న పొలం నుంచి పరుగెత్తుకొచ్చాడు.

ఇప్పుడు చీవాట్లు. ఊరికి తంతి పంపేవాళ్లు ముందు ఒక ముక్క ఆలోచించాలా వద్దా? ఈ ఊరికి తంతి వచ్చిందంటే ఒక్కటే అర్థం. సోమవారం పొద్దున ఎద్దులను బండికి కట్టారు. బుడంకాయను గంపలో పెట్టుకుని నేను ఎక్కబోతున్నాను. పులివెందుల నుంచి తంతి మనిషి సైకిలు దిగాడు. "కర్నూలు నుంచి" అన్నాడు. అంతే. నీ జ్వరం, నీ తూలిన అక్షరాలు, అన్నీ ఒక్కసారిగా నా కళ్ల ముందు తిరిగాయి. ఇంక నేను వాకిట్లోనే కూలబడ్డాను. ఈరక్క వచ్చి నన్ను పట్టుకుంది. ఆమె ఏడుపు విని వీధి వచ్చింది, వీధి ఏడుపు విని ఊరు వచ్చింది. ఎవరో పొయ్యి ఆర్పేశారు. ఓబన్న ఎద్దులను విప్పేశాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. చదవగలిగింది బడి అయ్యవారు ప్రకాశం ఒక్కడే, ఆయన పక్క ఊరికి పోయి ఉన్నాడు. ఆయన వచ్చేసరికి పొద్దు వాలింది, సంత లేచిపోయింది.

ప్రకాశం కాగితం చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఎవరూ సావలేదమ్మా. కుందేలుకు సూది వద్దంటాండారు" అన్నాడు. తర్వాత ఈరక్క ముక్కు చీది, "దీనికా నేను మధ్యాన్నం నుంచి ఏడుస్తాండేది?" అంది. జనం పడీపడీ నవ్వారు. నేను మాత్రం ప్రకాశం చేత ఆ కాగితం ఇంకోసారి చదివించుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే, మేము ఏడవకుండా ఉండి ఉంటే సంతకు పోయేవాళ్లం. ఎవరో ఒకరు దారిలో చదివిపెడతారులే అని కాగితం రొంటిన దోపుకుని ముందు సూది వేయించేవాళ్లం. మా ఏడుపే దాన్ని కాపాడింది.

తమ్ముడు చెప్పినట్టే చేస్తున్నాను. ఉప్పునీళ్లు, పాత చీర. నా పెండ్లి నాటి నూలు చీర చించాను, దానికంటే మెత్తనిది ఇంట్లో లేదు. పగలంతా వేపమండతో ఈగలు తోలుతూ పక్కనే కూర్చుంటున్నాను. పుండు అడుగు నుంచి ఎర్రగా మానుతూ వస్తోంది. ఉసిరి రసం మొదట ఉమ్మింది, ఇప్పుడు నా వేలు పట్టుకుని నాకుతోంది. మీ అన్న కడిగేటప్పుడు దాన్ని పట్టుకుంటాడు గానీ కళ్లు మూసుకుంటాడు.

సుబ్బరత్నమ్మ


కర్నూలు,
9-7-1954

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, ఏడ్చాను, మళ్లీ నవ్వాను. వెంకటేశ్వరమ్మగారు భయపడి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

నువ్వు నిజం చెప్పావు గనుక నేనూ చెబుతాను. అది ఒళ్లు వెచ్చబడడం కాదు, టైఫాయిడు. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. నీకు రాస్తే పనులు వదిలి పరుగెత్తుకొస్తావని రాయలేదు. వస్తావా అన్న అనుమానం కూడా ఒక మూల ఉండింది. రాకపోతే బాధపడాలి, ఆ బాధ ఎందుకని కూడా రాయలేదు. ఇప్పుడు అన్నం తింటున్నాను, బాగున్నాను.

వచ్చే నెల బుధవారపేటలో చిన్న ఇల్లు దొరికేటట్టుంది. పెరడు కూడా ఉందట. బుడంకాయను తెచ్చుకుంటాను.

ఒక్క సంగతి చెప్పు. ఆ రోజు వాకిట్లో నేను పోయాననుకుని ఏడ్చావు కదా, ఏమని ఏడ్చావు?

నాగలక్ష్మి


తుమ్మలపల్లె,
15-7-1954

నాగలక్ష్మికి,

టైఫాయిడు పెట్టుకుని "ఒళ్లు వెచ్చబడింది" అని రాస్తావా? వస్తానో రానో అని అనుమానమా? నువ్వు ఎదురుగా ఉంటే రెండు తగిలించేదాన్ని.

ఏడ్చేటప్పుడు మనిషికి ఒళ్లు తెలుస్తుందా? అందరూ ఏడ్చినట్టే ఏడ్చాను. నాకేం గుర్తు లేదు. ఇంక ఆ మాట అడగొద్దు.

బుడంకాయ పుండు మూసుకుంది. అక్కడ వెంట్రుక తెల్లగా మొలుస్తోంది, రూపాయంత. మీ అన్న అది చూసి, ఎద్దు నుదుటి చుక్క అంత శుభమని అంటున్నాడు. ఆయన బాగుపడడు.

దాన్ని పంపడం కుదరదు. ముసలిది, బస్సు కుదుపులకు తట్టుకోదు. నా వేలు లేకపోతే ఉసిరి తినదు. కావాలంటే నువ్వే వచ్చి చూసుకుని పో. నెలకొకసారి రా, నాకేం అభ్యంతరం లేదు.

సుబ్బరత్నమ్మ

(ఇదే కవరులో వేరే చీటీ)

చెల్లెలు నాగలక్ష్మికి అన్న శ్రీనివాసులు రాసేది. మీ వదిన వంటింట్లో ఉండాది. కవరు అంటించే పని నాదే గాబట్టి ఇది లోపల పెడతాండా. నువ్వు అడిగినెదానికి ఆమె జవాబు రాయలేదని నాకు తెలుసు. ఆమెకు శానా బాగా గుర్తుండాది, ఊరికంతా గుర్తుండాది.

"నా బంగారు తల్లీ, నీ జడ గట్టిగా లాగి ఏస్తి గదమ్మా. సాయంత్రం దాకా వెంట్రుక చెదరగూడదని లాగితి గదమ్మా. తల్లి లేని పిల్ల, తల మాసిపాయెనే అని ఒక్కరు గూడ అనగూడదని లాగితి గదమ్మా. నొప్పి అని ఒక్కనాడన్నా అనకపోతివి గదమ్మా. ఇంక ఎవురి తల దువ్వేది నేను?" అని రాగం తీసి ఏడ్చింది. సగం దినం ఇదే మాట. మన అమ్మ పోయినప్పుడు గూడ నేను అట్లాంటి ఏడుపు వినలేదు.

నేను చెప్పినానని చెప్పొద్దు. మూపురం తప్పు ఒకటి ఇప్పటికే నా నెత్తిన ఉండాది.


కర్నూలు,
20-7-1954

వదినా,

శనివారం బస్సుకు వస్తున్నాను. నన్ను చూసి ఏడవొద్దు, బతికే ఉన్నాను. బుడంకాయను తీసుకుపోవడానికి రావడం లేదు. అది నీదే.

జ్వరంలో సగం జుట్టు రాలిపోయింది, మిగిలింది తాటిపీచే. దువ్వెన దగ్గర పెట్టుకో. గట్టిగానే వెయ్యి.

నాగలక్ష్మి